మొదటి షీటు నీళ్లదే

లేఅవుట్లు గీయడం నా వృత్తి. పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైవేల పక్కనున్న చెలకలు ప్లాట్లుగా మారిన కాలమంతా ఆ పనిలోనే గడిపాను. ఇప్పుడు అందులో కొంత నేలను కలుపుకుని ఒక మహానగరానికి గీతలు పడుతున్నాయి. 2025 మార్చిలో ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. దాని పరిధిలో ఏడు మండలాలు, 56 గ్రామాలు, సుమారు 765 చదరపు కిలోమీటర్ల నేల ఉన్నాయి. వాటిలో ఆమనగల్లు, కడ్తాల్ ప్రాంతాలు 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లావే. ఆ నగరం కోసం పనిచేస్తున్న యువ ఇంజినీర్లకు ఉపయోగపడుతుందని, నా చేతుల మీదుగా జరిగిన తప్పును దాచకుండా చెబుతున్నాను.

విజయవాడ హైవేకు దగ్గర్లో, పాత నల్గొండ జిల్లాలోని ఒక ఊరు. అక్కడ ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి కాబట్టి పేరు రాయను. 2015 ఎండాకాలంలో అక్కడి ఒక భూమికి లేఅవుట్ గీశాను. పైన ఒక కుంట, కింద ఊరి చెరువు, మధ్యలో వాలుగా ఎర్ర చెలక. గ్రామ నక్షాలో ఆ రెంటినీ కలుపుతూ ఒక జంట గీత ఉంది. నేల మీద చూస్తే తుమ్మచెట్లు, పశువులు నడిచిన దారి తప్ప మరేమీ కనపడలేదు. అంతకు ముందు ఏడాది వానలు సరిగా లేవు. ఆ కుంటలో నీళ్లు నేను చూడనే లేదు.

సర్వే నడుస్తుండగా, చెరువు నీళ్లు చూసుకునే ఆ ఊరి పాత నీరటి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. “సారూ, ఇది బాట గాదు, ఒర్రె. ఇప్పుడంటే ఎండింది గని, కుంట మత్తడి దుంకితే నీళ్లన్నీ ఇట్లనే పోతయ్” అన్నాడు. “సరే తాతా, పైపు వేయిస్తాం” అన్నాను. ఆ మాట నిజాయితీగానే అన్నాను. కానీ నీళ్లు ఎన్ని వస్తాయో లెక్క కట్టలేదు. ఒర్రె తిన్నగా ఉంది కాబట్టి దాని మీదుగానే 30 ఫీట్ల రోడ్డు గీశాను, కింద ఒక హ్యూమ్ పైపు చూపించాను. నక్షాలో ఉన్న జంట గీతను నా డ్రాయింగులో బండ్లబాటగా రాశాను. 2012 నాటి భవన నియమాల 168 జీవో ప్రకారం చిన్న కాలువకైనా అంచు నుంచి రెండు మీటర్లు వదలాలి. బాటకు ఆ నియమం లేదు. కాగితం చూసినవాళ్లకు నేను చూపించిందే కనపడింది.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, డబ్బు ఆశ చూపించలేదు. కరువులో కనపడిన నేలనే ఆ నేల స్వభావం అనుకున్నాను. పనిలో అనుభవం పెరిగేకొద్దీ అడగాల్సిన ప్రశ్నలు అడగడం మానేశాను. నా తప్పుకు మూలం అదే.

2020 అక్టోబర్ 13న హైదరాబాద్‌నూ, దానికి తూర్పున ఉన్న మండలాలనూ ముంచెత్తిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి పైకుంట మత్తడి దుంకింది. హ్యూమ్ పైపు చెత్తతో, తుమ్మకంపతో మూసుకుపోయింది. రోడ్డే కాలువయింది. దాని రెండు వైపులా ఉన్న ఇళ్లలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. బియ్యం తడిసిపోయాయి, పిల్లల పుస్తకాలు పాడయ్యాయి. ఒక ఇంట్లో మంచం మీది ముసలమ్మను ఇరుగుపొరుగువాళ్లు మోసుకొచ్చి మేడ మీదికి చేర్చారు. ఆ కుటుంబాలు అప్పు చేసి కొనుక్కున్న ప్లాట్లవి. ఆ గీతలు గీసింది నేనేనని వాళ్లకు తెలియదు. వెళ్లి చెప్పాను.

నష్టం అక్కడితో ఆగలేదు. ఒర్రె దారి తప్పడంతో అంత వానకూ కింది చెరువు నిండలేదు. నీళ్లు పక్క పొలాలను కోసుకుంటూ వేరే వైపు పోయాయి. ఇళ్లు మునిగినవాళ్లు ఒక వైపు, ఆయకట్టు ఎండినవాళ్లు మరో వైపు. ఇద్దరి నష్టానికీ కారణం ఒకే గీత. పాత ఒర్రెను ఆనుకుని పడ్డ ప్లాట్లను భూమి అమ్మినవారు వెనక్కి కొని, ఆ దారిలో బాక్స్ కల్వర్టు కట్టేదాకా వాళ్ల వెంట తిరిగాను. పోయిన సామాను, పోయిన పంట తిరిగి రాలేదు.

నేను అప్పుడు కట్టాల్సిన లెక్క చాలా చిన్నది. ఒక చదరపు కిలోమీటరు మీద పది సెంటీమీటర్ల వాన పడితే పది కోట్ల లీటర్లు. చెలక అందులో కొంత తాగుతుంది. సీసీ రోడ్డు, స్లాబు దాదాపు ఏమీ తాగవు. అంటే ఊరు కట్టేకొద్దీ అదే వానకు ఎక్కువ నీళ్లు, తక్కువ సమయంలో, అదే ఒర్రెకు చేరతాయి. నేను మాత్రం ఒర్రెను పైపంత చేశాను. ఈ లెక్కే ఫ్యూచర్ సిటీకి వేస్తే, 765 చదరపు కిలోమీటర్ల మీద పది సెంటీమీటర్ల వాన రెండున్నర టీఎంసీలు దాటుతుంది.

ఆ కాలనీలో నా రెండో తప్పు నేల కింద బయటపడింది. సీసీ రోడ్లు ముందు వేయించాను. తర్వాత మిషన్ భగీరథ నీళ్ల కోసం రోడ్లు తవ్వారు, ఆపైన మురుగుకాలువల కోసం మళ్లీ తవ్వారు. మురుగు వాలు మీదే నడుస్తుంది కాబట్టి దాని పైపు అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా లోతున పడాలి. తాగునీటి పైపు దానికి ఎడంగా, ఎత్తులో ఉండాలి. ఆ తర్వాత వాననీటి కాలువ, కేబుళ్లు. రోడ్డు చివరన. నేను వరుసను తలకిందులు చేశాను. దాని ఖర్చు ఇంటింటికీ పడింది.

ఇక కొత్త నగరం సంగతి. అది లేస్తున్న ఎత్తైన నేల నుంచి కొంత నీరు మూసీ వైపు, కొంత డిండి వైపు దిగుతుంది. హైదరాబాద్ మురుగు మూసీలో కలిస్తే ఏమవుతుందో వలిగొండ, భువనగిరి రైతులను అడిగితే చాలు. డిండి సంగతి ఇంకా సున్నితం. అది నాగార్జునసాగర్ జలాశయంలో కలుస్తుంది. అదే జలాశయం నుంచి అక్కంపల్లి, కోదండాపూర్ మీదుగా హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు వెళ్తున్నాయి. ఆ పథకం మొదటి దశ 2004లో, మూడోది 2015లో అందింది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. అక్కడి నుంచి ఫ్యూచర్ సిటీ ఎత్తుకు నీళ్లు తేవాలంటే వెయ్యి అడుగులకు పైగా ఎత్తిపోయాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున పది లక్షల మందికి 13.5 కోట్ల లీటర్లు కావాలి. అందులో సుమారు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది. అంత కరెంటు పోసి ఎత్తిన నీళ్లను శుద్ధి చేయకుండా డిండిలోకి వదిలితే, అవి మళ్లీ మనం తాగే చోటికే చేరతాయి. ఫ్లోరైడ్ నీళ్లతో తరాల తరబడి నడుము వంగిన నల్గొండ పల్లెలకు మరో విషం పంపే హక్కు ఏ నగరానికీ లేదు.

1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ వచ్చిన ఇంజినీరు విశ్వేశ్వరయ్య నగరం దగ్గరే ఆగిపోలేదు. పైన పరీవాహకంలో ఎన్ని చెరువులున్నాయి, ఎన్ని తెగాయి అని లెక్క తీయించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ ఆలోచన నుంచి పుట్టినవే. మన చేతిలో ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలు, డ్రోన్లు ఉన్నాయి. వాటితో ఆ పని ఇంకా బాగా చేయవచ్చు. కానీ ఎండిన ఒర్రెలో నీళ్లు ఎటు పోతాయో, ఏ కుంట మత్తడి ఏ చెరువుకు దిగుతుందో ఆ 56 గ్రామాల్లోని నీరటి కుటుంబాలకూ, ఆయకట్టు రైతులకూ డ్రోన్ల కన్నా ముందే తెలుసు. వాళ్లను ఎండాకాలంలో అడగాలి. వానాకాలంలో వాళ్లతో కలిసి నడవాలి. చెప్పింది నక్షాలో ఎక్కించి, దాని కింద వాళ్ల పేర్లు రాయాలి.

ఇప్పుడు నా దగ్గరికి ఏ భూమి వచ్చినా మొదటి షీటు మీద ప్లాట్లు ఉండవు. కుంటలు, మత్తళ్లు, ఒర్రెలు, వాలు, మురుగు చేరే చోటు, అది శుద్ధయ్యాక వెళ్లే దారి మాత్రమే ఉంటాయి. కొందరు భూయజమానులు ఇంత నేల వదలలేమని కాగితాలు తీసుకుని వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను. ఫ్యూచర్ సిటీ ఇంజినీర్లను నేను కోరేది కూడా ఇదే. పెద్ద రోడ్డు గీయడానికి తొందర ఉండవచ్చు. నీళ్ల షీటు పూర్తయి, దాన్ని ఆ ఊళ్లవాళ్లు చూసి ఔనన్నాకే ఆ రోడ్డుకు మొదటి గీత పడాలి.