నాలుగు నోట్సులు - ఒక తప్పు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేస్తే, ముందుగా మన హాస్టల్ జ్ఞాపకాలు వ్రాద్దామనుకున్నాను. కానీ అవి ప్రతి సంచికలోనూ ఉండేవే. అందుకే ఈసారి నేను చేసిన ఒక తప్పు గురించి వ్రాస్తున్నాను.

తొమ్మిదవ తరగతిలో మా గదిలో నలుగురం ఉండేవాళ్ళం. ఫిజిక్స్ నోట్సు ఒకడు వ్రాసుకొస్తే, స్టడీ అవర్‌లో మిగతా ముగ్గురం చూసి వ్రాసుకునేవాళ్ళం. ఒకసారి వాడు ఒక సూత్రంలో మైనస్ బదులు ప్లస్ వేశాడు. మేమూ ప్లస్సే వేశాం. మాస్టారు వాడి నోట్సు తీసుకుని ఎర్ర సిరాతో దిద్దారు. మా మూడింటిలో తప్పు అలాగే ఉండిపోయింది. పరీక్షలో వాడికి మార్కులు వచ్చాయి, మాకు సున్నాలు వచ్చాయి.

ఇరవై ఏళ్ళ తర్వాత అదే తప్పు కంప్యూటర్ మీద చేశాను.

మా బ్యాచ్ వాళ్ళం ఏటా కొంత డబ్బు పోగుచేసి కొందరు తమ్ముళ్ళకు పరీక్ష ఫీజులు కడుతున్నాం. లెక్కలు చూసే పని నాది. దానికోసం స్విఫ్ట్ భాషలో మూడు చిన్న స్క్రిప్టులు వ్రాసుకున్నాను. స్విఫ్ట్ అంటే 2014లో యాపిల్ సంస్థ ప్రకటించిన ప్రోగ్రామింగ్ భాష. నా స్క్రిప్టుల్లో ఒకటి మొత్తం ఎంత కావాలో కూడుతుంది, ఒకటి ఎవరికి ఎంత కట్టాలో జాబితా తీస్తుంది, ఇంకొకటి రసీదులు తయారుచేస్తుంది. ఒక్కో వరుస చదివి పేరునూ ఫీజునూ విడదీసే ఫంక్షన్ మాత్రం మూడింటికీ ఒకటే.

స్విఫ్ట్ అని టైపు చేసి ఫైలు పేరు ఇస్తే ఆ ఒక్క ఫైలే నడుస్తుంది. పక్క ఫైలులోని ఫంక్షన్ దానికి కనిపించదు. పైథాన్‌లో మాదిరి పక్క ఫైలును ఇంపోర్ట్ చేద్దామంటే కుదరదు. ఇక్కడ ఇంపోర్ట్ మాడ్యూళ్ళకే గాని ఫైళ్ళకు కాదు. నేను బద్ధకించి ఆ ఫంక్షన్‌ను మూడు ఫైళ్ళలోనూ కాపీ చేసి ఊరుకున్నాను.

ఒక ఏడాది ఒక తమ్ముడి ఫీజు అంకె పక్కన పొరపాటున ఒక ఖాళీ పడింది. ఆ ఖాళీతో సహా అంకెగా మార్చమంటే స్విఫ్ట్ ఒప్పుకోదు, నిల్ అంటుంది. నా ఫంక్షన్ అలాంటి వరుసను వదిలేసి ముందుకు పోయేది. మొత్తంలో తేడా కనిపించి, కూడిక స్క్రిప్టులో ఖాళీలు తీసేసే ఏర్పాటు చేశాను. లెక్క సరిపోయింది. జాబితా స్క్రిప్టు సంగతే మరచిపోయాను.

గడువుకు ముందురోజు సాయంత్రం ఆ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, అందరి ఫీజూ కట్టారంట. నా పేరు లేదంట. నేనేమైనా తప్పు చేశానా?" అన్నాడు.

దుప్పట్లు పంచే రోజు తన పేరు పిలవకపోతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వెంటనే డబ్బు పంపాను, మర్నాడు వాడు ఫీజు కట్టాడు. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత కూర్చుని సరిచేశాను. ఉమ్మడి ఫంక్షన్‌ను ఒకే ఫైలులో పెట్టాను. ఒక్కో పనికి ఒక్కో ఫోల్డరు, అందులో మెయిన్.స్విఫ్ట్ అనే ఫైలు. స్విఫ్ట్‌సీ అనే కంపైలర్‌కు ఆ మెయిన్ ఫైలునూ ఉమ్మడి ఫైలునూ కలిపి ఇస్తే రెండూ ఒకే మాడ్యూల్ అవుతాయి. ఇంపోర్ట్ వ్రాయనక్కర్లేదు. నేరుగా నడిచే వాక్యాలు మెయిన్ ఫైలులోనే ఉండాలి, ఉమ్మడి ఫైలులో ఫంక్షన్లే ఉండాలి. దిద్దినప్పుడల్లా మూడింటినీ మళ్ళీ కంపైల్ చేయాలి కనుక, ఆ పని ఒక షెల్ స్క్రిప్టుకు అప్పగించాను. పని పెరిగితే స్విఫ్ట్ ప్యాకేజీ మేనేజర్ ఉంది. అందులో ఉమ్మడి కోడ్‌ను లైబ్రరీగా పెట్టి ఇంపోర్ట్ చేసుకోవచ్చు. అప్పుడు బయటికి కనిపించాల్సిన ఫంక్షన్‌కు పబ్లిక్ అని వ్రాయాలి.

తమ్ముళ్ళూ! స్విఫ్ట్ నేర్చుకోవడానికి మాక్ కంప్యూటరే ఉండనక్కర్లేదు. 2015లో ఓపెన్ సోర్స్ అయినప్పటి నుండి లైనక్స్ మీద, 2020 నుండి విండోస్ మీద కూడా నడుస్తోంది. ఏ భాష నేర్చుకున్నా ఈ అన్న మాట ఒక్కటి గుర్తుంచుకోండి. పదిమందికీ కావలసినది పది చోట్ల వ్రాసుకోకండి. ఒక్కచోట పెట్టుకోండి. అప్పుడు ఒకసారి దిద్దితే అందరిదీ దిద్దినట్టే.

- మీ అన్న, ఒక పూర్వ విద్యార్థి