మా అంబాసిడరుకి అయిదో గేరు

పెళ్ళిచూపులకి వెళ్ళేవాళ్ళని ఎంతోమందిని చూశాను గానీ, గేరుబాక్సు చూపులకి వెళ్ళే మనిషిని మా వారినొక్కరినే చూశాను. ఆదివారం వచ్చిందంటే చాలు, తలంటి పోసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో కొలతల టేపు వేసుకుని విజయవాడ ఆటోనగర్‌కి బయల్దేరేవారు. సాయంత్రానికి చొక్కా నిండా గ్రీజు మరకలతో తిరిగొచ్చి, "ఇదీ కుదర్లేదోయ్, పొడుగెక్కువ" అని నిట్టూర్చి కుర్చీలో కూలబడేవారు.

"మీ ఆడపడుచుకి సంబంధాలు చూసేటప్పుడు మీ మామగారూ ఇంతే. కాకపోతే ఆయన పొట్టి అనేవారు" అన్నారు మా అత్తగారు, చిక్కుడుకాయలు తుంచుతూ.

ఇంతకీ ఎవరికీ సంబంధం అంటారా? 1974లో మా మామగారు కొన్న అంబాసిడరు మార్క్ టూకి. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వంతు కోసం కాచుకునే రోజులవి. ఇంగ్లీషువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చుల్లో, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1957 నుంచీ పోతపోసిన కారు. 2014లో ఆ ఫ్యాక్టరీ తలుపులు మూసేశారని పేపర్లో పడిన రోజున మా వారు మజ్జిగన్నం దాకా రాకుండానే చెయ్యి కడిగేసుకున్నారు.

ఆ కారులో గేరు నేలమీద ఉండదు. స్టీరింగు పక్కనుంచి పొడుచుకు వస్తుంది. దాన్ని హ్యాండ్ గేరు అనేవారు. నాలుగే గేర్లు. ఫస్టు గేరుకి మహా పట్టింపు. బండి పూర్తిగా ఆగితే తప్ప పడనంటుంది. ఆగకుండా వేశారా, పళ్ళు పటపట కొరుకుతుంది. పైగా చేతిలోని కర్రకీ కింద ఉన్న గేరుబాక్సుకీ మధ్య బోలెడు కడ్డీలూ కీళ్ళూ. యాభై ఏళ్ళు దాటాక కీళ్ళు అరగనిదెవరికి? బెంజి సర్కిల్ దగ్గర అది రెంటికీ మూటికీ మధ్య ఇరుక్కుపోతే, నేను స్టీరింగు ముందూ మా వారు బానెట్ కిందా, వెనకనించి బస్సులవాళ్ళు పెట్టిన శాపనార్థాలు ఇన్నీ అన్నీ కావు.

అయినా అసలు బాధ అది కాదు. రాజమండ్రిలో మా ఆడపడుచు ఉంది. 150 కిలోమీటర్ల పైమాటే. రోడ్డు చూస్తే అద్దంలా ఉంది. మా బండి నాలుగో గేరులో 80 మీద పోతుంటే ఇంజను పెట్టే కేకకి లోపల ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అత్తగారికి అసలే కొంచెం చెవుడు. ఏలూరు దాటేసరికి ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చునేవారు. నిద్రనుకునేదాన్ని.

నేను బి.ఏ. చదివినదాన్ని. చరిత్రా తెలుగూ తప్ప యంత్రాల సంగతి తెలియదు. "ఆ అయిదో గేరులో ఏముందండీ అంత?" అని అడిగితే మా వారు కాగితమూ పెన్సిలూ తీశారు. నాకది ఎక్కలేదు. చివరికి మెకానిక్ మేస్త్రి చెప్పాడు: "మీ ఇంట్లో కుట్టుమిషనుందిగా అమ్మగారూ? కింద పెద్ద చక్రం ఒకసారి తిరిగితే పైన చిన్న చక్రం ఎన్నిసార్లు తిరుగుద్ది? అదీ అయిదో గేరంటే."

అంతే! నాలుగో గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగితే వెనక చక్రాలకి పోయే షాఫ్టూ ఒకే చుట్టు తిరుగుతుంది. అయిదో గేరులో ఇంజను తక్కువ తిరిగినా షాఫ్టు ఎక్కువ తిరుగుతుంది. అదే వేగంలో ఇంజనుకి ఆయాసం తగ్గుతుంది, పెట్రోలూ కాస్త కలిసొస్తుంది. అయితే ఊరికే వచ్చేది లోకంలో ఏదీ లేదు కదా, లాగే బలం తగ్గుతుంది. దుర్గగుడి కొండ ఎక్కడానికి అది పనికిరాదు. చదునైన రోడ్డు మీదే దాని ప్రతాపం.

1990ల మొదట్లో ఇదే అంబాసిడరుకి జపాను ఇసుజు వాళ్ళ 1817 సీసీ ఇంజను పెట్టి, దానితోపాటు అయిదు గేర్ల బాక్సూ పెట్టి అమ్మారు. గేరు కర్ర నేలమీదికి దిగింది. అలాంటి బండి ఒకటి తుక్కుకి వచ్చిందని మేస్త్రి కబురు పెట్టాడు. అతని సలహా తేలికైనదే. ఇంజనూ గేరుబాక్సూ రెండూ కలిపి దింపేద్దాం, అవి కలిసి పుట్టినవి, పేచీ ఉండదు.

మా వారు ఒప్పుకోలేదు. "నాన్న ఇంజను తియ్యను" అన్నారు. ఇంజను మారిస్తే రవాణా ఆఫీసు అనుమతి కావాలి, ఆర్.సి.లో నెంబరు మార్పించాలి, అది వేరే తలనొప్పి. 2021లో పాత బళ్ళకి కొత్త నిబంధనలు వచ్చాయిట. యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్‌నీ బాడీనీ ఇంజనునీ చెప్పుకోదగ్గట్టు మార్చకుండా ఉంచిన బళ్ళని 'వింటేజ్' అని ప్రత్యేకంగా నమోదు చేస్తారట. "చూశావా, గేరుబాక్సు మాటే లేదు!" అని మా వారు పొంగిపోయారు. కానీ అలా నమోదైన బండిని రోజువారీ పనులకి తిప్పకూడదుట. రాజమండ్రి పోవడానికి పనికిరాని గౌరవం మాకెందుకని మానుకున్నాం.

ఇంక చూడండి, 1489 సీసీ ఇంగ్లీషు ఇంజనుకీ జపాను గేరుబాక్సుకీ పొంతనలు చూడటం! ఇంజను వెనక బోల్టు కన్నాలు ఒక తీరు, గేరుబాక్సు ముందు మూతి కన్నాలు మరో తీరు. రెంటికీ మధ్య లేతు మిషను మీద మందపాటి ప్లేటు ఒకటి తీయించారు. అది వెంట్రుకవాసి పక్కకి జరిగినా కొత్త బాక్సులో బేరింగు నాలుగు నాళ్ళలో పాడవుతుందని, మేస్త్రి గడియారంలాంటి కొలత పరికరం పెట్టి ఒక పూటంతా దాని చుట్టూ తిరిగాడు. నేను టిఫిన్ క్యారియరు పట్టుకెళితే తలెత్తి చూడలేదు.

నాకన్నిటికంటే నచ్చింది క్లచ్ ప్లేటు. దాని చుట్టుకొలత పాత ఇంజనుకి సరిపోవాలి, నడిమి బొడ్డులోని పళ్ళు కొత్త గేరుబాక్సుకి సరిపోవాలి. అటు పుట్టిల్లూ ఇటు అత్తిల్లూ రెండూ అరిగేది దాని ఒంటిమీదే. అలాంటిది బజార్లో దొరకదు. ఒకదాని బొడ్డు తీసి మరొకదానికి రివెట్లు కొట్టించారు. ఇంజను చివర ఉండే ఇత్తడి బుష్ కొత్తగా తీయించారు. కింద ఆధారంగా ఉండే అడ్డకమ్మీ వెనక్కి జరిపారు.

వెనక్కి పోయే షాఫ్టు పొడుగు తగ్గించాలి. ఆ పని బయట ఒక షాపుకిచ్చారు. పేరెందుకు లెండి. కోసి అతికారు గానీ, తిప్పి తూకం చూడలేదు. 60 దాటేసరికి కారంతా వణుకు! నా చేతిలో మంచినీళ్ళ సీసా మూత దానంతటదే ఊడిపోయింది. మళ్ళీ విప్పి, మరోచోట తూకం సరిచేయించేసరికి ఇంకో పది రోజులు పట్టింది.

వీటన్నిటికీ ముందే ఒక ముడి పడింది. నేలమీద గేరు కర్ర రావాలంటే అడుగు రేకుకి కన్నం కొయ్యాలి. "కొయ్యమంటారా?" అని మేస్త్రి అడిగేసరికి, అన్ని ఆదివారాలు టేపు పట్టుకుని తిరిగిన ఈయన జవాబు చెప్పకుండా ఇంటికొచ్చేశారు. ఆ కారులో ముందు సీటు ఒక్కటే పొడుగాటి బల్ల. మామగారు నడుపుతూ, అత్తగారు కిటికీ పక్కన, మధ్యలో ఈయన. బడికీ, సినిమాకీ, తాతగారి ఊరికీ అలాగే వెళ్ళారు. కర్ర నేలమీదికి వస్తే ఆ మధ్య చోటుకి కాళ్ళుండవు.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. మూడోనాడు అత్తగారే అడిగారు. సంగతి విని, "నువ్వింక అక్కడ పట్టవురా నాయనా" అన్నారు. "ఆయన కారు గనకే నడవాలంటున్నాను. షెడ్డులో పెట్టి పత్రి వెయ్యడానికి అదేం వినాయకుడా? సీటు మాత్రం ముక్కలు చెయ్యనియ్యకు."

చెయ్యలేదు. మేస్త్రి కర్రని కాస్త ముందుకి వంచి పెట్టాడు. బల్ల సీటు బల్లగానే ఉంది. మధ్యలో ఇప్పుడు ఫ్లాస్కూ, అత్తగారి సంచీ కూర్చుంటున్నాయి.

మొన్న రాజమండ్రి వెళ్ళాం. హనుమాన్ జంక్షన్ దాటాక మా వారు కర్రని అయిదులోకి నెట్టారు. ఇంజను గొంతు ఒక్కసారి దిగిపోయింది. కిటికీ అద్దాల చుట్టూ గాలి చప్పుడు వినపడింది. వెనక సీట్లోంచి అత్తగారు, "ఏమిటే, ఆగిపోయిందా?" అన్నారు. లేదన్నాను. కొంతసేపు ఊరుకుని, మెల్లిగా మొదలుపెట్టారు.

"మీ మామగారు ఇంట్లో పెద్దగా మాట్లాడేవారు కాదుగా. కారెక్కితే మాత్రం ఏదో ఒకటి చెబుతూనే ఉండేవారు. నాకీ రొదలో సగం వినపడేది కాదు. మళ్ళీ అడిగితే విసుక్కుంటారని ఊఁ కొట్టేదాన్ని. నాకిష్టమనుకుని ఇంకా చెప్పేవారు."

"మీకు నిజంగా ఇష్టమేగా అత్తయ్యా?" అన్నాను.

"ఇష్టమే. ఏం చెప్పారో తెలిస్తే ఇంకా ఇష్టంగా ఉండేది."

మా వారు అద్దంలోంచి వెనక్కి ఒకసారి చూశారు. తరవాత వేలితో స్పీడు ముల్లు మీద కొట్టడం మొదలుపెట్టారు. కొత్త గేరుబాక్సుకీ పాత మీటరుకీ ఇంకా లెక్క కుదరలేదు. మేము ఎనభైలో పోతుంటే అది అరవై అంటోంది. కేబులు చివర ఉండే చిన్న పళ్ళచక్రం మార్చాలిట. వచ్చే ఆదివారం మళ్ళీ ఆటోనగర్.