ఎత్తుకునేవాళ్లు, అందుకునేవాళ్లు

పాటకి సంబంధించి తెలుగులో నాకు బాగా ఇష్టమైన క్రియలు రెండున్నాయి. ఒకటి ఎత్తుకోవడం, రెండోది అందుకోవడం. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టే పాటనీ ఎత్తుకుంటాం. చేతులు మారే వస్తువుని అందుకున్నట్టే పాటనీ అందుకుంటాం. ఈ రెండు మాటల మధ్య గాయని, శ్రోత అనే విభజనకి చోటు లేదు. అందుకునేవాళ్లు ఎదురుగా కూర్చుని వినేవాళ్లు కాదు. వాళ్లు అందుకోకపోతే పాట కింద పడిపోతుంది.

నేను ఐదారేళ్లుగా పాటల గురించి అప్పుడప్పుడూ రాస్తున్నాను. పగలంతా కోడ్ రాసి, రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కదాన్నే విని, విన్నదాని గురించి రాయడం. ఆ రాతకి అవసరమైన మాటలు నా దగ్గర ఉన్నాయి. గొంతులో జీర, ఆర్కెస్ట్రేషన్, మిక్సింగ్, చరణంలో వచ్చే మలుపు. కానీ బతుకమ్మ పాట దగ్గరికొచ్చేసరికి ఈ మాటలేవీ పనిచేయవు. కాగితం మీద చూస్తే అందులో ఉన్నది నాలుగైదు స్వరాలు, మారని దరువు, పాదం చివర ప్రతిసారీ అదే పల్లవి. సమీక్షకురాలి చెవితో వింటే పది నిమిషాల్లో విసుగొచ్చే సరుకు. అదే పాట నోటితో పాడుతూ, చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ తిరుగుతుంటే గంట గడిచిన సంగతి తెలీదు. ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తోందన్నదే నా ప్రశ్న.

మాది వరంగల్ దగ్గర పల్లె. బతుకమ్మ తొమ్మిది రోజుల పండగ. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమికి సద్దులతో ముగుస్తుంది. మధ్యలో ఆరో రోజు అమ్మవారు అలిగిందని ఆడరు. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడిపూలు వరుసలు వరుసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మని నిలిపి, అన్నిటినీ మధ్యలో పెట్టి చుట్టూ తిరుగుతారు. ఇదంతా తెలిసిన సంగతే. తెలిసినా ఎక్కువగా మాట్లాడుకోనిది పాట లోపలి ఏర్పాటు గురించి. ఒకామె సగం పాదం అంటుంది, దాని చివర ఉయ్యాలో. అందరూ ఆ సగం పాదాన్నే తిరిగి అంటారు, మళ్లీ ఉయ్యాలో. అలా వాళ్లు తిరిగి అంటున్న నాలుగైదు సెకన్లలో ఎత్తుకునే ఆమె తర్వాతి పాదం వెతుక్కుంటుంది. కథ పాట అయితే గుర్తు చేసుకుంటుంది. గుర్తు రాకపోతే అల్లుకుంటుంది. నా వృత్తి భాషలో దాన్ని బఫర్ అంటాం. గుంపు గొంతే ఆమెకి ఆలోచించుకునే వ్యవధి.

మా అమ్మకి ఆ అల్లిక వచ్చు. చదువు ఐదో తరగతి. కొత్త కోడలు వచ్చిన ఏడాది ఆమె పుట్టింటి ఊరు పాటలోకి వచ్చేది. పత్తికి ధర పడిపోతే అదీ వచ్చేది. వరస అయిన వదినలు మరదళ్లు ఉంటే ఎగతాళి వచ్చేది, ఆ పాదాన్ని అవతలివాళ్లే నవ్వుతూ తిరిగి పాడాల్సి వచ్చేది. ఎప్పుడూ ఒకే పాట, ఎప్పుడూ వేరే పాట. తెలంగాణ ఉద్యమ కాలంలో ఇదే వరసలో రోడ్ల మీద కొత్త పాటలు పుట్టడానికీ కారణం ఇదే. అచ్చు తయారుగా ఉంది, అందుకోవడం అందరికీ వచ్చు. ఇక కావలసింది కొత్త మాటే.

థామస్ టురీనో అనే సంగీత మానవశాస్త్రవేత్త 2008లో రాసిన 'మ్యూజిక్ యాజ్ సోషల్ లైఫ్' చదువుతున్నప్పుడు నాకు పదే పదే మా ఊరి వాకిలే కనిపించింది. ఆయన పనిచేసింది పెరూ కొండల్లోని ఐమారా రైతుల మధ్యా, జింబాబ్వే షోనా ప్రజల మధ్యా. సంగీతాన్ని ఆయన రకాలుగా విడదీశాడు. ఒకరు ప్రదర్శిస్తే ఇంకొకరు వినేది ఒకటి, వచ్చినవాళ్లంతా ఏదో ఒక రకంగా పాల్గొనేది ఇంకొకటి. రెండోదానికి కొన్ని గుర్తులు చెప్తాడు. పాట చిన్నది, తిరిగి తిరిగి వస్తుంది. మొదలూ ముగింపూ పదునుగా ఉండవు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేరతారు. గొంతులు ఒకదాని మీద ఒకటి పడి చిక్కగా ఉంటాయి, శ్రుతి ఒక గీతలా కాక వెడల్పుగా ఉంటుంది. ఇవి లోపాలు కావంటాడు. ఆ చిక్కదనంలో కొత్తగా వచ్చినవాళ్ల తడబాటు కలిసిపోతుంది, అందుకే వాళ్లు ధైర్యంగా నోరు తెరుస్తారు. బాగా వచ్చినవాళ్లకి కష్టమైన పని, ఏమీ రానివాళ్లకి సులువైన పని, రెండూ ఒకే పాటలో ఉంటాయి. బతుకమ్మలో ఐదేళ్ల పిల్లకి చప్పట్లు, పదేళ్ల పిల్లకి పల్లవి, అరవై ఏళ్ల అమ్మకి అల్లిక. ఎవరి బరువు వాళ్లకుంది.

ఆయనకన్నా ముందే, 1998లో, న్యూజీలాండ్‌లో పుట్టిన క్రిస్టఫర్ స్మాల్ ఇంకా సూటిగా చెప్పాడు. సంగీతం వస్తువు కాదు, చేసే పని అన్నాడు. తన పుస్తకానికి 'మ్యూజికింగ్' అని నామవాచకాన్ని క్రియగా మార్చి పేరు పెట్టాడు. ఇంగ్లీషులో ఆయన పనిగట్టుకుని తయారుచేసుకోవలసి వచ్చిన క్రియ మనకి ముందే ఉంది, అదీ ఒకటి కాదు, రెండు.

ఇది పల్లెలకే పరిమితమైన విషయమూ కాదు. 1969లో లండన్‌లో కార్నీలియస్ కార్డ్యూ, మరో ఇద్దరు స్వరకర్తలతో కలిసి స్క్రాచ్ ఆర్కెస్ట్రా అని ఒక బృందం పెట్టాడు. సంగీతం నేర్చుకున్నవాళ్లు, నేర్చుకోనివాళ్లు అన్న తేడా లేకుండా అందరినీ రమ్మన్నాడు. ఆ రోజుల్లోనే ఆయన రాసిన 'ది గ్రేట్ లెర్నింగ్'లో ఏడో భాగం శిక్షణ లేని గొంతుల కోసం. అందులో స్వరలిపి లేదు, సూచనలున్నాయి. నీకు నచ్చిన స్వరంతో మొదలుపెట్టు. ఒక్కో మాటని ఒక్కో ఊపిరి పొడవునా ఇన్నిసార్లు అని పాడు. తర్వాతి మాటకి స్వరాన్ని మాత్రం నీ సొంతంగా ఎంచుకోకు, చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో పాడుతుండగా విన్నదాన్ని తీసుకో. మొదట్లో రణగొణగా ఉండేది నెమ్మదిగా కొద్ది స్వరాల చుట్టూ చేరుతుంది. రికార్డింగ్ వింటున్నప్పుడు నాకు తట్టిన మాట ఒకటే. అందుకోవడం. సంగీత పాఠశాలలో చదివిన ఒక ఆధునికుడు ఎంతో ఆలోచించి కాగితం మీద పెట్టిన నియమాన్ని మా వాడకట్టులో కాగితం లేకుండా పాటిస్తున్నారు.

మేముండేది హైదరాబాద్ పడమటి వైపు ఎనిమిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో. 2014 తర్వాత బతుకమ్మ రాష్ట్ర పండగయ్యాక ఇలాంటి చోట్లకీ బాగా వచ్చింది. మా దగ్గర కమిటీ ఉంది, చందా ఉంది, ఫొటోగ్రాఫర్ ఉన్నాడు, డీజే ఉన్నాడు. పాట స్పీకర్లోంచి వస్తుంది, మేం దాని చుట్టూ అడుగులు వేస్తాం. చప్పట్లు మిగిలాయి గానీ నోళ్లు మూతపడ్డాయి. నిజానికి తెరిచినా వినపడవు.

డీజేని తిట్టడం సులువే గానీ దానికీ న్యాయం చెప్పాలి. మాలో సగం మందికి ఒక్క చరణం రాదు. నేర్చుకునేందుకు ఊరూ లేదు, తీరికా లేదు. వారమంతా మీటింగుల్లో నలిగిన ఆడవాళ్లు నలభై మంది పట్టుచీరల్లో ఒళ్లు మరిచి గెంతడం కూడా చిన్న సంగతేం కాదు. పైగా ఊరి వలయం అందరిదీ అన్నది పూర్తి నిజం కాదు. మా ఊళ్లో మాదిగవాడ బతుకమ్మలు మా వాకిట్లోకి వచ్చేవి కావు. వాళ్ల పాట వాళ్లదే, మా పాట మాదే, రెండూ చెరువు దగ్గర దూరం దూరంగా వినిపించేవి. అందరూ పాల్గొనే సంగీతం అన్నప్పుడు ఆ 'అందరూ' ఎవరన్న ప్రశ్న టురీనో లెక్కల్లోకి మాత్రమే కాదు, మా చెరువుగట్టు మీదికీ రావాలి. స్పీకర్ ముందు కనీసం ఎవరి కులమూ ఎవరూ అడగరు.

అయినా నాకు డీజే చాలదనిపించడానికి సొంత కారణాలు రెండున్నాయి.

మా పాప మూడో తరగతి. పోయినేడాది బడి వార్షికోత్సవంలో బృందగానం. పాప గొంతు శ్రుతిలో నిలవదు. రిహార్సల్స్‌లో టీచర్, "నువ్వు పెదాలు కదుపు చాలు" అని చెప్పిందట. పాప అది మాతో ఫిర్యాదులా కూడా చెప్పలేదు. తనకిచ్చిన పాత్ర అదే అన్నట్టు చెప్పింది. స్టేజీ మీద చాలా బాగా కదిపింది కూడా. వీడియో చూసిన బంధువులెవరికీ తెలీదు. ఆ తర్వాత స్నానం చేస్తూ కూనిరాగాలు తీయడం మానేసింది. అడిగితే, "నాకు పాట రాదు కదా" అంది. ఎనిమిదేళ్లకే ఆ సంగతి తేలిపోయింది తనకి. ప్రదర్శన కోసం పాడే చోట ఆ టీచర్ లెక్క తప్పని నేననను. అక్కడ వినేవాళ్ల కోసం పాడతారు. కానీ పాప బతుకులో వేరే లెక్క ఉన్న చోటు ఒకటైనా ఉండాలి.

రెండో కారణం అమ్మ. నాన్న పోయి మూడేళ్లు. మా వైపు భర్త పోయినామె బతుకమ్మ దగ్గరికి రాదు. రావొద్దని ఎవరూ అనరు, ఆమే ఆగిపోతుంది. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. అపార్ట్‌మెంట్‌లో ఆ పట్టింపు ఎవరికీ లేదని చెప్పాను. "వాళ్లకు లేకపోతే ఏంది బిడ్డా, నాకున్నది" అంది. పార్కింగ్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూసేది. ఆ నలభై మందిలో పాట కట్టగలిగిన ఒకే ఒక్క మనిషి వలయం బయట ఉంది.

నిరుడు సద్దుల నాడు మధ్యాహ్నం లిఫ్ట్ ఆగిపోయింది. అందరూ బతుకమ్మల్ని మెట్ల మీంచి మోసుకొచ్చారు. ఎనిమిదో అంతస్తు వాళ్లది చాలా పెద్దది, మలుపు తిరగక గంట ఆలస్యమైంది. రాత్రి పదయ్యింది. పదికి లౌడ్‌స్పీకర్ ఆపాలన్న నియమాన్ని మా అసోసియేషన్ గట్టిగా పాటిస్తుంది. డీజే వైర్లు చుట్టుకుంటున్నాడు. చాలామంది పైకెళ్లిపోయారు. పదిహేను మంది ఉన్నామేమో, నిమజ్జనానికి బండి కోసం చూస్తూ ఊరికే నిలబడ్డాం. అప్పుడు కుర్చీలోంచి అమ్మ గొంతు.

ఎనిమిదంతస్తుల ఉయ్యాలో
ఎత్తైన మేడల్ల ఉయ్యాలో
లిఫ్టాగిపోయింది ఉయ్యాలో
గౌరమ్మ దిగదాయె ఉయ్యాలో

మొదటి పాదానికి ఎవరూ అందుకోలేదు, నవ్వారంతే. రెండో పాదానికి అందుకున్నది మూడో అంతస్తులో ఉండే గుంటూరావిడ. బతుకమ్మ తనకి తెలీదని ప్రతి ఏడాదీ అనే మనిషి. "మా గొబ్బిళ్లూ ఇంతేగా" అంటూ చప్పట్లు మొదలుపెట్టింది. సంక్రాంతి నెలలో గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడిన ఆమెకి పాట తెలియకపోయినా అందుకోవడం తెలుసు. నాలుగో పాదానికి అందరం తిరుగుతున్నాం. మా పాప నా పక్కనే ఉంది, గొంతు ఎక్కడెక్కడికో పోతోంది, పెద్దగా పాడుతోంది. ఎవరూ తన వైపు చూడలేదు. చూడకపోవడమే అక్కడ మర్యాద. అమ్మ కుర్చీ దిగలేదు. నేనూ రమ్మని పట్టుబట్టలేదు. మనిషి బయటే ఉన్నా గొంతు మధ్యలో ఉంది.

నా వృత్తి అలవాటు కొద్దీ మర్నాడే అమ్మ ముందు ఫోన్ పెట్టి పాడమన్నాను. అన్నీ రికార్డు చేసి, పేర్లు పెట్టి, భద్రపరుద్దామని. పాత కథ పాటలు రెండు పాడింది. రాత్రి కట్టినవి పాడమంటే రాలేదు. కొత్తది కట్టమంటే అసలు రాలేదు. "నలుగురు అందుకుంటాంటె అస్తది గని, ఉత్తగ ఫోన్ ముందల ఎట్ల అస్తది?" అని విసుక్కుంది.

అప్పట్నుంచీ ఆ మాటే నాకు తోవ చూపిస్తోంది. అల్లిక అమ్మ తలలో ఉందనీ, అమ్మతో పాటు పోయేలోపు దాన్ని దింపుకోవాలనీ నా భయం. కానీ అది ఆమె ఒక్కదాని తలలో లేదు. ఆమె పాదానికీ పాదానికీ మధ్య, వేరేవాళ్ల నోళ్లలో ఉంది. తీసుకెళ్లి దాచుకోగలిగేది పాటల్ని మాత్రమే. పాట కట్టే తీరు బతకాలంటే అందుకునే నోళ్లు నాలుగు కావాలి. ఆ నోళ్లకి గొప్ప శ్రుతి అక్కర్లేదు, ఉండడం కావాలి.

అందుకే ఈ ఏడాది కమిటీని అడిగింది ఒక్కటే. డీజేని మానమనలేదు. రోజూ తొమ్మిదిన్నరకి ఆపమన్నాను, పదిదాకా అరగంట మాకు వదలమన్నాను. మొదటి రోజు ఏడుగురు. రెండో రోజు తొమ్మిది మంది, అందులో ముగ్గురు పిల్లలు. మూడో రోజు అమ్మ, "ఇయాల నువ్వెత్తుకో" అంది.

ఎత్తుకున్నాను. నాలుగు పాదాలు పోయాక నాకు మాట దొరకలేదు. నేను ఆగాను గానీ వలయం ఆగలేదు. నా చివరి పాదాన్నే ఇంకోసారి అన్నారు. మళ్లీ అన్నారు. చప్పట్లు ఒక్క దెబ్బ కూడా తప్పలేదు, కుర్చీ వైపు నుంచి కూడా. అమ్మ మాట అందించలేదు, చప్పట్లు కొడుతూ కూర్చుంది. మూడో చుట్టుకి పొద్దున మార్కెట్లో తంగేడు కట్ట కోసం బేరమాడింది గుర్తొచ్చింది. ఆ ధర చెప్పి చివర ఉయ్యాలో తగిలించాను. గొప్ప పాదమేం కాదు. అందుకున్నారు.