చలికి ముడుచుకున్న విత్తనం

మార్గశిరం చివరి రోజులు. ఆదిలాబాద్ ప్రాంతంలో ఒక రైతు ఇంట తెల్లవారకముందే కోడలు లేచి, మూలన మండె కట్టిన వడ్లమూటలో చేయి పెట్టి చూసింది. వెచ్చదనం లేదు. రెండు రోజులైనా ఒక్క గింజకూ ముక్కు పగలలేదు.

"ఇత్తనం సచ్చిందా, మామా?"

"సావలే, బిడ్డా. సలికి ముడుసుకున్నది."

ఇంటిల్లిపాది ఆశ ఆ మూట మీదనే ఉన్నది. అది యాసంగి విత్తనం. వానాకాలపు పంట ఇల్లు చేరిన తరువాత చలిలో నారు పోసి, వేసవిలో కోసుకొనే రెండవ పంటకు అదే మొదలు. విత్తనాలమ్మినవాడు మోసం చేశాడని ఇరుగుపొరుగులు అప్పటికే తేల్చేశారు. ఒకరిద్దరు అప్పు చేసి రెండో సంచీ కూడా తెచ్చుకొన్నారు.

సంచీ మీద కనీసం 80 శాతం మొలక అని అచ్చువేసి ఉంటుంది. అది అబద్ధం కాదు. అయితే ఆ పరీక్ష జరిగేది ప్రయోగశాల వెచ్చదనంలో. రాత్రివేళ పది డిగ్రీలకు దిగజారే పల్లెటూరి ఇంటి మూలన కాదు. ఈ చిన్న సంగతిని కూడా సంచీ మీద అచ్చువేస్తే ఎన్ని అప్పులు తప్పేవో!

గోధుమ నాలుగైదు డిగ్రీల చలిలోనూ నెమ్మదిగా మొలకెత్తుతుంది. వరి అలా కాదు, ఉష్ణదేశపు బిడ్డ. ముప్పై డిగ్రీల దగ్గర చురుకుగా మొలిచే గింజ, పది డిగ్రీల దగ్గర దాదాపు కదలదు. జీవకణాలను చుట్టి ఉన్న పలుచని పొరలలో కొవ్వు పదార్థముంటుంది. చలికి నెయ్యి పేరుకొన్నట్లు అది బిరుసెక్కుతుంది. అప్పుడే నానిన గింజలో ఆ పొరలు సరిగా సర్దుకోలేక, లోపలి చక్కెరలు, లవణాలు బయటికి కారిపోతాయి. వాటి కోసం బూజు కాచుకొని ఉంటుంది. మరోవైపు పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు మందగిస్తాయి. గాదె నిండా ధాన్యముండి, వండిపెట్టే దిక్కులేని ఇల్లు వంటిది ఆ గింజ. ఆకలితో ఉంటుందే గాని వెంటనే చావదు. ఆలస్యం మితిమీరితే మాత్రం కుళ్ళిపోతుంది.

ముసలి రైతు మూట మీద గోరువెచ్చని నీళ్ళు చిలకరించి, గడ్డి దట్టంగా కప్పి, పైన గోనెపట్టాలు వేశాడు. మూడోనాటికి లోపల వెచ్చబడింది. తెల్లని మొలకలు కనిపించాయి.

అంతటితో గండం గడవలేదు. మడిలో నారు పచ్చబారి, ఎదుగుదల నిలిచింది. చలిలో ఆకుకు హరితం సరిగా పట్టదు. వేళ్ళు భాస్వరాన్నీ జింకునూ అందుకోలేవు. సాయంత్రం మడిలోని నీరు తీసివేసి, తెల్లవారాక బావినీరు పెట్టడం రైతు నేర్చిన పాత ఉపాయం. ఆ వేళకు బావినీరే వెచ్చన. రాజేంద్రనగర్‌లో రూపొందిన తెల్లహంస వంటి రకాలు నారుదశలో చలికి ఓర్చుకొంటాయి గాని, అందరి చేతా అదే విత్తనం ఉండదు గదా!

చలి తగ్గేదాకా ఆగరాదా అని పట్నవాసులు అడుగుతారు. ఆగితే పూత వెళ్ళి ఏప్రిల్ ఎండలో పడుతుంది. ఆ వేడికి పుప్పొడి చెడి, కంకిలో తాలు మిగులుతుంది. అప్పటికి బావిలో నీరూ అడుగంటుతుంది. ముందు చలి, వెనుక ఎండ. ఈ రెంటి నడుమ రైతుకు దక్కే రోజులు కొద్దే.

కోడలు యూరియా సంచులు విప్పి కుట్టి, పెద్ద పట్టా చేసింది. పొద్దుగూకగానే కర్రలు పాతి నారు మీద కప్పడం, ఎండ పొడవగానే తీయడం ఆమె వంతు. వారం గడిచింది. ఒక ఉదయం మంచుతో బరువెక్కిన పట్టాను మామ ఒక కొస, ఆమె ఒక కొస పట్టి లేపారు. పాత ఆకుల కొసలు ఇంకా పసుపుగానే ఉన్నాయి. వాటి నడుమ కొత్త ఆకు ఆకుపచ్చగా లేస్తున్నది.