నానీ ఇల్లు, అడుగుకి అంగుళం

చిలకలూరిపేటలో నానీ వాళ్ల ఇల్లు పంపకాల్లో పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. అమ్మీకి యాదున్నంత మేరకు అట్టముక్కలతో కడుతున్నా.

లెక్క తేలికే, అడుగుకి అంగుళం. బొమ్మరిళ్లు కట్టేవాళ్లు ఎక్కువగా వాడే కొలత ఇదే. 12 అడుగుల దాలాన్ 12 అంగుళాల్లోకి వచ్చేసింది. చిక్కంతా బట్టతోనే. ఇల్లు చిన్నదైనా బట్ట మందం తగ్గదుగా! పాత మల్‌మల్ దుపట్టా ముక్కని గంజిలో ముంచి, తడిమీదే మడతలు పెడితేగానీ పర్దా పర్దాలా వేలాడలేదు. నానా దూదేకే మనిషి. ఆయన పరుపుకి చిటికెడు పత్తి సరిపోయింది. మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు ఎర్రదారం ముక్కలు.

"ఈ గుడియాలాట జాయిజేనా?" అన్నారు మామూ. హజ్రత్ ఆయిషా (రజి.) గుడియాలతో ఆడుకునేవారని సహీ బుఖారీలో ఉంది. ఆమె రెక్కల గుర్రం బొమ్మ సంగతి విని హుజూర్ (స.అ.స.) నవ్విన రివాయత్ అబూ దావూద్‌లో ఉంది. ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది, కాదనను. నేనైతే మనుషుల్ని పెట్టడం లేదు.

అమ్మీకి ఆ బహస్ పట్టదు. "బావర్చీఖానా తలుపు వీధివైపే బేటా. పొయ్యి దగ్గర కూర్చునే మా అమ్మ అందరికీ సలాం చెప్పేది" అంటుంది. కాదు, పెరటివైపని ఫోన్లో ఖాలా. ఇద్దరూ ఆ ఇంట్లోనే పుట్టారు.

తలుపు ఇంకా అతికించలేదు.