వేళ మారిన విస్తరి

మన యిండ్లలో భోజనమునకు వేళ నిర్ణయించునది సామాన్యముగా బడిగంటయో, కచేరీకి పోవువారి తొందరయో, గోడమీది గడియారమో అయి యుండును. ఆశ్వయుజ కార్తీకములు రెండు నెలలు మాత్రము ఆ యధికారమును ఆకాశము తన చేతిలోనికి తీసికొనును. శరత్తును వర్ణించిన కవులు వెన్నెలను, తేటవడిన కొలనులను, ఱెల్లుపూలను, మరలివచ్చు హంసలను గూర్చి చెప్పినంతగా ఆ ఋతువు మన వంటయిండ్లలో నెరపు ప్రభుత్వమును గూర్చి చెప్పరైరి. తెల్లవాఱకమునుపే ముగింపవలసిన భోజనము, చంద్రుడు పొడిచినగాని ముట్టరాని పిండివంట, చుక్క కనబడినగాని వడ్డింపని విస్తరి, గడపదాటి పుట్టకడకో చెఱువుగట్టునకో చెట్టునీడకో మోసికొనిపోయినగాని రుచింపని వంటకము, ఇవి యన్నియు ఆ రెండు నెలలలోనే వచ్చును. తినెడు వస్తువులలో క్రొత్తది మిక్కిలి తక్కువ: ఆ గోంగూరయే, ఆ పెరుగే, ఆ బియ్యపుపిండియే, ఆ బెల్లమే. వేళయు చోటును మాఱుటచేతనే వానికి ఎక్కడ లేని స్వాదు కలుగుచున్నదని నా దృఢవిశ్వాసము. మన పెద్దలు ఈ సంగతి ఎఱిగియే పండుగలను ఇట్లు కూర్చిరని కూడ నాకు తోచును.

అట్లతద్దినే చూతము. ఆశ్వయుజ బహుళ తదియనాడు కన్నెపిల్లలు మంచి మగనికొఱకును, పెండ్లియైనవారు సౌభాగ్యముకొఱకును గౌరీదేవిని కొలిచి చంద్రోదయమువఱకు ఉపవసింతురు. ఆ యుపవాసమునకు ముందు చీకటి విడువకమునుపే కడుపునిండ తినుటయు ఆ నోములోని భాగమే. మా కోనసీమ పల్లెలో ముందటి రాత్రి గోరింటాకు రుబ్బి, ఆడపిల్లల చేతులకు ముద్దలుగా పెట్టి, ఆకులు చుట్టి పరుండబెట్టెడివారు. కోడి కూయకమునుపే అమ్మమ్మ లాంతరు పట్టుకొని వచ్చి ఒక్కొక్కరిని తట్టి లేపెడిది: "లేవండే అమ్మళ్లూ, తెల్లారిందంటే ఇంక మెతుకు ముట్టకూడదు." నోము ఆడపిల్లలదే యైనను చద్దికి మగపిల్లలనుకూడ లేపుట ఆమె ధర్మము, ఆ విషయమున ఆమె పక్షపాత మెఱుగదు. వంటయింటి ముంగిట అందఱము వరుసగా కూర్చుండగా, రాత్రి వండి మూతపెట్టిన చల్లని యన్నములో గోంగూరపచ్చడియు నూనెయు కలిపి, ఎఱ్ఱగా పండిన మా అక్కల అరచేతులలో ఆమె ముద్దలు పెట్టెడిది. గోరింటాకు వాసనయు గోంగూర పులుపును కలిసిన ఆ మొదటి ముద్దతోనే నిద్రమత్తు వదలిపోయెడిది. పిదప ఉల్లిపాయల పులుసు, చివరకు గడ్డపెరుగు. పట్టపగలు ఆ చద్దినే మా ముందు పెట్టినచో మూతి ముడిచియుందుము. పెరటిలో నింకను చుక్కలు వెలుగుచుండగా తినుటచేత మాఱుముద్దకు పోటీపడితిమి. తిన్న చేయి కడుగుకొని వీథిలోనికి వచ్చునప్పటికి ఊరిలోని ఆడపిల్లలందఱును అక్కడనే యుందురు. చింతకొమ్మకు కట్టిన ఉయ్యాల తెల్లవాఱువఱకు ఆగెడిది కాదు.

సాయంకాలపు వంట వేఱు విధము. ఒక పాలు మినపపప్పునకు రెండు పాళ్లు బియ్యము చొప్పున నానవేసి రుబ్బిన పిండి గిన్నెనిండ నుండును. పొయ్యిమీద ఇనుపపెనము కాగుచుండును. ముచ్చికతో కోసిన వంకాయముక్కను నూనెలో ముంచి పెనమంతట రాచుటలో మా పెద్దమ్మకున్న నేర్పు మఱియొకరికి అబ్బలేదు. నూనె ఎక్కువైనచో పిండి జాఱిపోవును, తక్కువైనచో అట్టు పట్టుకొనిపోవును. ఆమె ముక్కను ఒకసారి మధ్యనుండి అంచునకు, ఒకసారి అంచునుండి మధ్యకు త్రిప్పి, చిటికెడు నీరు చిలికి, ఆ నీరు చిటపటలాడిన తీరును బట్టి పెనపు వేడిని గ్రహించెడిది. అంచులు లేచి, నడుమ సన్నని చిల్లులు పడి, మందముగా మెత్తగా అట్టు ఊడివచ్చెడిది. అది హోటలులోని దోసెవలె కరకరలాడదు, ఆడవలసిన పనియు లేదు. నానిన బియ్యమును పచ్చికొబ్బరియు కలిపి రుబ్బి, పాలలో ఉడికించి, బెల్లము వేసిన తిమ్మనములో తునిచి వేసినంతనే ఆ తీపినంతను పీల్చుకొనుట దాని గుణము. కుజునకు అట్లు ప్రీతి యనియు, మినుములు రాహువునకు, బియ్యము చంద్రునకు సంబంధించిన ధాన్యములనియు, అందుచేత ఈ నోముతో గ్రహదోషములు తొలగుననియు పెద్దలు చెప్పుదురు. కొన్ని యిండ్ల 10, కొన్ని యిండ్ల 11 అట్లు లెక్కించి వాయనమునకు వేఱుగా తీసిపెట్టుదురు. వాయనము ముత్తయిదువ చేతికి చేరినగాని మన చేతికి అట్టు రాదు.

కాని కృష్ణపక్షపు తదియనాటి చంద్రుడు ప్రొద్దుగ్రుంకిన వెంటనే వచ్చువాడు కాడు. ఇంచుమించు రెండు గంటలసేపు తూర్పుదిక్కు చీకటిగానే యుండును. అట్ల కమ్మదనము ఇల్లంత నిండి వీథిలోనికి పోవును. పగలంతయు మంచినీరైన ముట్టని ఆడపిల్లలు డాబామీది కెక్కి కొబ్బరితలల సందున కన్నులు నిలిపి కూర్చుందురు. క్రిందినుండి అమ్మ "వచ్చాడా?" అనును, పైనుండి "ఇంకా లేదమ్మా" అని సమాధానము వచ్చును. ఆశ్వయుజమున మా తీరమునకు వాయుగుండములు క్రొత్తవి కావు. మబ్బు కమ్మిన యేడు ఆ ప్రశ్నోత్తరములు చాల రాత్రివఱకు సాగెడివి. ఆకలిగొన్న పిల్లలను అంతసేపు నిలుపుట క్రౌర్యమని నేటివారు కొందఱందురు. ఆ మాటకు నేనొప్పుకొనను. ఇంటిలోని పెద్దలును పిన్నలును ఒక్క విషయమునే కోరుచు, ఒక్క దిక్కునే చూచుచు, పనియేమియు లేక కలిసి కూర్చుండు ఘడియలు సంవత్సరమునం దెన్ని వచ్చును?

పినతండ్రి ఉద్యోగరీత్యా హనుమకొండలో నున్న కాలమున తెలంగాణపు శరత్తును కూడ నేను చూచితిని. అక్కడ భాద్రపద అమావాస్యనుండి 9 దినములు తంగేడు, గునుగు మొదలగు పూలతో బతుకమ్మను పేర్చి ఆడుదురు. మిగుల ముచ్చటగొలుపు విషయమేమనగా, ఆ దినములలో పెక్కింటికి నైవేద్యమును బట్టియే పేరు: అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యము బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ. ఆఱవనాడు అమ్మ అలిగినదని నైవేద్యమే పెట్టరు. దేవత అలుకకు సైతము తిథిని కేటాయించి, ఆనాటి పొయ్యికి విశ్రాంతి నిచ్చిన ఆడవారి గృహజ్ఞానమునకు నేను చేయెత్తి మ్రొక్కుదును. కడపటి సద్దులనాడు పద్మాక్షిగుండముకడ ఇసుకవేసిన రాలని జనము. పూలను నీటిలో వదలిన పిమ్మట గట్టుమీద డబ్బాల మూతలు తెఱచి, పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, రొట్టెలను నలిపి బెల్లమును నెయ్యియు కలిపిన మలీద, ఎదురుపడిన వారి చేతులలోనెల్ల పెట్టుదురు. మా పిన్ని "ఎవరో ఏమో" అని సందేహించుచుండగానే ఆమె చేతిలో మూడిండ్ల ముద్దలు పడెను, పెట్టిన వారిలో నొకామె "మంచిగున్నదా అక్కా?" అని అడిగి, సమాధానమునకు ఆగకయే రెండవ ముద్ద పెట్టి ముందునకు సాగెను.

దీపావళి వెలుగును గూర్చి చెప్పువారు చాలమంది కలరు గనుక దానిని దాటి నాగులచవితికి వత్తును. కార్తీక శుద్ధ చవితినాడు పుట్టకు కొనిపోవు నైవేద్యములో పొయ్యి యెక్కినది కానరాదు: తడిపిండిలో బెల్లము కలిపిన చలిమిడి, నువ్వులును బెల్లమును దంచిన చిమ్మిలి, నానిన పెసరపప్పుతో వడపప్పు, ఆవుపాలు. వానికి తోడు మా ప్రాంతమున బుఱ్ఱగుంజు. శ్రావణ భాద్రపదములలో తాటిపండ్లు తిని పాఱవేసిన టెంకలను ఇసుకనేలలో పాతరవేయగా, ఈ నాటికి వాని లోపల తెల్లని మెత్తని గుంజు ఏర్పడును. మఱికొంత కాలమునకు అదే పాతరలో తేగలు దిగును. కుండలో పెట్టి కాల్చిన తేగను కొననుండి రెండుగా చీల్చినచో నడుమ లేత మొలక యొకటి కనబడును. దానిని పిల్లలు చందమామ యందురు. ఆ చందమామకొఱకు అన్నదమ్ములు చేసిన కలహములను, అది తనకు వచ్చియు చెల్లెలి నోటిలో పెట్టిన అన్నను, రెంటిని మా అరుగుమీదనే చూచితిని.

కార్తీకసోమవారమునకు శాస్త్రము ఆఱు మార్గములు చెప్పినది: ఉపవాసము, ఏకభుక్తము, నక్తము, అయాచితము, స్నానము, తిలదానము. శక్తిని బట్టి ఏదియైనను చేయవచ్చును. మా యింట నాన్నగారు పట్టినది నక్తము. నక్షత్రదర్శన మైనగాని ఆయన విస్తరి వేయించుకొనరు. ఆ నక్షత్రమును వెదకిపెట్టు ఉద్యోగము పిల్లలది. ఎవరు ముందు చుక్కను చూతురో వారికి ఆయన ప్రక్కన పీట దొరకును గనుక, సంజ యింకను ఎఱ్ఱగా నుండగానే "అదిగో!" అని కేకవేయువారును, అది గాలిపటమని తేల్చువారును వాకిట నిండెడివారు. ఆ ఆఱింటిలో నాకు మిక్కిలి ప్రియమైనది అయాచితము. తనకై తాను వండుకొనక, ఎవరిని అడుగక, ఎవరైన తమంత తాము పిలిచి పెట్టిననే తినుట ఆ వ్రతము. మా వీథిలో ఒక వృద్ధురాలు, ఒంటరిది, ప్రతి కార్తీకమున ఆ వ్రతమే పట్టెడిది. సోమవారమునాడు మా అమ్మ మొదటి యెసరు పెట్టకమునుపే నన్ను పిలిచి, "బామ్మగారిని మనమే ముందు పిలవాలి, పరుగెత్తు" అనెడిది. నేను పోవునప్పటికి ఎదురింటి అబ్బాయి ఆమె గుమ్మములో నిలిచియుండెడివాడు. ఏ యింటికి పోవుదునని ఆమె ఒకనిముస మాలోచించి, ఈ వారము మీకు, పైవారము వారికి అని పంచెడిది. ఒకరికి అన్నము పెట్టు భాగ్యమునకై రెండిండ్లు పరుగులు తీయునట్లు చేసిన ఆ నియమము ఎవరు కనిపెట్టిరో గాని, వారికి మనుష్యహృదయము బాగుగా తెలియును.

ఇక వనభోజనములు. కార్తీకమున ఉసిరికచెట్టు క్రింద భుజించుట పుణ్యమని పెద్దలమాట. పెద్దకుటుంబమున ఆనాటి వంట కేవలము స్త్రీల వంట కాదు. రాళ్లు తెచ్చి పొయ్యిలు పేర్చుట, గుండిగలు దింపుట, అరటియాకులు కోసి తుడుచుట మగవారివి. కందను కోయుట మాత్రము మా మేనత్త యెవరికిని విడువదు. చేతులకు నూనె రాచుకొని, కత్తిపీట ముందు కూర్చుండి, దుంపమీది మన్నును తోలును పోవునట్లు చెక్కి ముక్కలు చేసి, బచ్చలితో కలిపి చింతపండు పులుసులో ఉడికించి, దింపినపిమ్మట నూరిన ఆవ కలుపును. ఆవ వేడిమీద పడినచో చేదెక్కునట. గరిటె నిలిపి, ఆవిరి తగ్గువఱకు ఎవరు తొందరపెట్టినను ఆమె కదలదు. ఉల్లియు వెల్లుల్లియు లేని ఆ కూరకు, గుమ్మడికాయ దప్పళమునకు, ముద్దపప్పునకు, పూర్ణపుబూరెలకు చెట్టునీడలో కలుగు రుచి ఇంటి వంటయింటిలో కలుగదు. పప్పులో ఎండుటాకు రాలిన తీసివేసి తిందుము. బంతి నడుమ చీమలబారు వచ్చిన విస్తరిని జరుపుకొందుము.

పూర్వము వీలైన ఏ దినముననైన తోటకు పోయెడివారు. ఉద్యోగములు పెరిగిన పిమ్మట, వనభోజనము పెక్కుచోట్ల ఆదివారమునకు స్థిరపడినది. ఆదివారమునాడు ఉసిరిక తినరాదని నిషేధము. చెట్టునకు పూజ, చెట్టునీడలో భోజనము, కాని ఆ చెట్టుకాయతో చేసిన పచ్చడి విస్తరిలో నుండరాదు! ఈ చిక్కు మా యింట ప్రతి సంవత్సరము వచ్చెడిది. అమ్మమ్మ దంచి, ఉప్పును పసుపును కలిపి, మెంతియు ఇంగువయు వేసి ఊరబెట్టిన ఉసిరికపచ్చడి జాడీ బండిలో తోటవఱకు వచ్చి, చెట్టుమొదట పసుపుకుంకుమలతో పాటు కూర్చుండి, మూత తీయకయే ఇంటికి మరలెడిది. "రేపు తిందామే" అని పిల్లలు అడుగగా, "రేపు సోమవారం, పగలు ఉపవాసం" అనెడిది. "రాత్రి చుక్క చూశాక?" "రాత్రిళ్లు ఉసిరికాయ పనికిరాదురా." మంగళవారము మధ్యాహ్నము బడి విడిచినంతనే మేము పలకలు అరుగుమీద పడవేసి లోనికి పోవునప్పటికి జాడీమూత తెఱచియుండెడిది; వేడియన్నము, కాచిన నూనె, ఆ పచ్చడి తప్ప ఆనాడు మఱి యేయాదరువును వండవలసిన పని అమ్మకు లేకుండెడిది.