రోగి చెప్పిన మాట

మా బావకు మతి చలించినప్పుడు మిర్యాలగూడ నుండి పట్టణములోని యొక చికిత్సాలయమునకు గొనిపోతిని. మందు గుణమిచ్చినది. ఇల్లు చేరిన వారమునకే టీ కొట్టువాడు, “సాగరు కాల్వల దుంకబోయినవంటగదా, అన్నా?” యని యడిగెను. ఆ మాటను బావ యొక రాత్రి అక్కడి పరిచారకునితో తప్ప ఎవరితోను చెప్పియుండలేదు. ఆరునెలలు ఆయన గడప దాటలేదు.

ప్రాణాపాయమును దెలుపు మాటను వైద్యుని చెవిని వేయుట పరిచారకుని ధర్మము. బజారున వేయుట ద్రోహము. రోగి సంగతి గోప్యముగా నుంచవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 23వ సెక్షనున శాసించినది. 2001 ఆగస్టు 6న తమిళనాటి ఏర్వాడిలో గొలుసులతో కట్టబడియుండుటచే 25 మందికి పైగా రోగులు మంటలలో మడిసిరి. ఆ గొలుసులను సైతము ఈ చట్టమే 95వ సెక్షనున నిషేధించినది. గొలుసును తనిఖీదారు చూడగలడు, నాలుకను చూడువారెవరు?

ఫిర్యాదు వ్రాయుచుండగా, ఒక పెండ్లిపందిటిలో బావ జబ్బును నేనును నలుగురికి చెప్పితినని జ్ఞప్తికి వచ్చి కలము నిలిచినది. ఫిర్యాదు మానలేదు; అది పంపవలసినదే. కాని ఆ పరిచారకుడు మన యిండ్లనుండియే కదా పోయినది! మతి చలించినవారి మాటలు చెప్పి నవ్వుకొను నలవాటు ముందు ఇంట మానవలెను.

ఆ రోజే బావ యెదుట నా తప్పు నొప్పుకొంటిని. ఆయన మాటాడలేదు. సాయంకాలము మాత్రము నాతో వీధి చివరిదాక నడిచెను.